అసిరమ్మ అడ్డపొగ మానిన ఏడాది

రాజాం నుంచి చీపురుపల్లి పోయే దారిలో బస్సు దిగి మైలున్నర లోపలికి నడిస్తే ఓ ఊరొస్తుంది. ఆ ఊళ్లో విత్తనాల వరి పండించే రైతులెవరైనా సరే, పైరు ఈనే వేళకి అసిరమ్మ ఇంటికి కబురు పెట్టాల్సిందే. విత్తనం కోసం వేసిన మడిలో ఒకే రకం ఉండాలి. ఎంత జాగ్రత్తగా నాటినా ఎక్కడో ఓ దుబ్బు మిగతా వాటికంటే జానెడు పొడుగు లేస్తుంది, ఇంకోటి వారం ముందే ఈనేస్తుంది, మరోదాని గింజకి మీసం మొలుస్తుంది. వాటిని బెరుకులంటారు. చూసి, వేళ్లతో సహా పీకి గట్టు మీద పారెయ్యాలి. ఆ పనిలో అసిరమ్మ కన్నుకి తిరుగు లేదు. పదిమంది ఆడవాళ్లు దాటిపోయిన వరసలో కూడా ఆమె వంగి ఒకటి పీకేది.

ఆమెకి యాభై ఆరేళ్లు. భర్త సూర్యారావు, ఎకరన్నర మడి, ఒక జత పశువులు. ఇద్దరు ఆడపిల్లలకీ పెళ్లిళ్లయి బొబ్బిలి దగ్గర ఒకే ఊళ్లో కాపురముంటున్నారు. పక్క వాకిట్లో మరిది భార్య కుమారి. తోటికోడళ్లిద్దరూ పాతికేళ్లుగా ఒకే గట్టు మీద కూర్చుని అన్నం తిన్నారు, ఒకే పొగాకు కట్ట పంచుకుని చుట్టలు చుట్టుకున్నారు.

ఆ చుట్టే ఈ కథ. అసిరమ్మది అడ్డపొగ. వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని, నిప్పు లోపల, మొదలు బయట ఉంచి పీల్చడం. పదమూడో ఏట పన్ను సలుపుతోందని ఏడుస్తుంటే వాళ్లమ్మే తన నోట్లోని చుట్ట తీసి కూతురి నోట్లో పెట్టింది. సలుపు తగ్గింది. చుట్ట మిగిలింది. వానలో నారు తీస్తున్నా ఆరదు. ఈదురుగాలికి నిప్పురవ్వ ఎగిరి గడ్డివాము మీద పడదు. రెండు చేతులూ పనికి ఖాళీ. ఆ వైపు పాత తరం ఆడవాళ్లలో చాలామందికి అది తాంబూలం లాంటిదే, తప్పని ఎవరూ అనుకోలేదు.

మాఘమాసంలో ఊరి బడి వరండాలో నోటి పరీక్షల శిబిరం పెట్టారు. ఆశా కార్యకర్త రాణి ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లని పోగేసింది. అసిరమ్మ వెళ్లింది. కుమారి వెళ్లలేదు.

"నోరు తెరిసి సూపించడానికి నాకేటి, పళ్లు అమ్ముకోవాలేటి?" అని నవ్వి తన వాకిటి గోడ దగ్గరే నిలబడింది.

పరీక్ష చేసిన దంతవైద్యురాలు అర్చన చిన్న పిల్లే, ముప్పై దాటి ఉండవు. రాజాంలో కిరాణా టోకు వ్యాపారుల ఇంటి అమ్మాయి. లైటు వేసి అసిరమ్మ అంగిలి చూసింది. చూస్తూ చూస్తూ లైటు ఇంకా దగ్గరకి జరిపింది.

"ఎన్నేళ్లుగా కాలుస్తున్నావు పిన్నీ?"

"లెక్కెట్టలేదు పాపా. ముట్టవకముందు నించీ."

అర్చన చిన్న అద్దం చేతికిచ్చి చూపించింది. అంగిలంతా ఎండిన చెరువులా తెల్లగా బీటలు వారి ఉంది. ఆ తెలుపులో అక్కడక్కడ ఎర్రటి చుక్కలు. కుడివైపు లోపలగా మాత్రం కందిపప్పు బద్దంత ఎర్రటి మచ్చ, అంచు సరిగా లేకుండా.

"తెల్లగా ఉన్నదానికి నేను అంతగా భయపడను. ఈ ఎర్రమచ్చ నాకు నచ్చలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి."

"ముక్కేటి? నా నోట్లో ముక్క కోస్తావా?" అసిరమ్మ అద్దం తిరిగిచ్చేసి లేచిపోయింది.

నాలుగు రోజులు ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. చుట్ట మాత్రం ఎక్కువైంది. ఐదో రోజు పశువులకి కుడితి పెడుతూ భర్తకి చెప్పింది. సూర్యారావు తక్కువ మాటల మనిషి. కాసేపు ఎద్దు వీపు నిమిరాడు.

"మొన్న ఎద్దుకి గిట్ట పుండైతే ఏటి సేసినావు?"

"డాట్రుని పిలిపించినాను."

"మరి నువ్వేటి, ఎద్దు కన్నా తక్కువా? రేపే ఎల్దాం."

అలా విజయనగరంలో అర్చన పనిచేసే ఆసుపత్రికి వెళ్లారు. సూది మందు వేసి ముక్క తీశారు, ఒక కుట్టు వేశారు. ఫలితానికి పది రోజులు. ఆ పది రోజులూ అసిరమ్మ ఇల్లు అలుకుతూనే ఉంది. అలికిన గోడే మళ్లీ అలికింది. తను పోతే భర్తకి గంజి ఎవరు కాస్తారని ఒకసారి, కాయడం ఆయనకే వచ్చులే అని ఇంకోసారి అనుకుంది. పదకొండో రోజు అర్చన ఎదుట కూర్చున్నప్పుడు కాగితం వైపు చూడలేదు, ఆ పిల్ల మొహం వైపే చూసింది.

"క్యాన్సర్ కాదు పిన్నీ," అంది అర్చన మొదటే. "కానీ దానికి ముందు మెట్టు. అక్కడి కణాలు దారి తప్పడం మొదలెట్టాయి. ఇలాగే కాలిస్తే ఎప్పుడో ఒకప్పుడు అవుతుంది. చుట్ట మానాలి, ఇవాళ్టి నుంచే."

అసిరమ్మకి గుండెల మీది బరువు దిగింది. దిగాక అడగాల్సింది అడిగింది. "నలభై మూడేళ్లు కాల్సినాను. ఇన్నేళ్లూ ఏటీ కానిది ఇప్పుడేల అవుతాది?"

ఆ ప్రశ్న అర్చనకి నచ్చింది. కుర్చీ దగ్గరకి లాక్కుంది.

"ఏమీ కాలేదని ఎవరన్నారు? రోజూ అయ్యింది. రోజూ నీ ఒళ్లు బాగుచేసుకుంది. నీ అరచెయ్యి చూడు, కొడవలి పట్టీ పట్టీ కాయలు కాశాయి కదా? అంగిలి తెల్లగా మందమెక్కడం కూడా అలాంటిదే. నిప్పు లోపలికి దిగకుండా నీ ఒళ్లు కట్టుకున్న గోడ అది. దానికింద ఇంకో పని జరుగుతూ ఉంటుంది. ఒళ్లంతా కంటికి కనపడనంత చిన్న కణాలు. ప్రతి కణంలోనూ ఒక రాత ఉంటుంది. ఎంత పెరగాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు రాలిపోవాలి అని. పాతది రెండుగా చీలి కొత్తవి పుట్టినప్పుడల్లా ఆ రాతని మళ్లీ రాసుకోవాలి. పొగ వెళ్లి ఆ రాతలో అక్షరాలు చెరిపేస్తుంది."

"సెరిపేస్తే?"

"లోపలే దిద్దేవాళ్లున్నారు. తప్పు పడ్డ చోటికి వచ్చి, కత్తిరించి, సరైన అక్షరం పెట్టి పోతారు. దిద్దలేనంత పాడైతే ఆ కణం తనంతట తనే చచ్చిపోతుంది, పక్కవాటికి చెరుపు చెయ్యకుండా. చావనని మొండికేసిందనుకో, రక్తంలో కాపలా తిరిగేవి దాన్ని పసిగట్టి చంపేస్తాయి. అందరి ఒంట్లోనూ రోజూ జరిగేదే ఇది. నీ ఒంట్లో ఎక్కువ జరిగింది."

అసిరమ్మ అరచేతి కాయల మీద వేలు రాసుకుంది. తర్వాత మెల్లగా అంది. "అంటే బెరుకులు ఏరీడమే కదా తల్లీ."

అర్చనకి బెరుకులంటే తెలియదు. ఈసారి అసిరమ్మ చెప్పింది. విత్తనాల మడి గురించి, మీసం గింజ గురించి, ఒక్క బెరుకు వదిలేస్తే అది రాల్చిన గింజలు మరుసటేడు ఎన్నవుతాయో అన్నదాని గురించి. చెప్పేసరికి తనకే సంగతి బోధపడింది.

"అయితే నా ఒళ్లు ఏరిన్నాళ్లూ ఏరినాది. నాను ఇటు నించి రోజూ కొత్తవి సల్లీసినాను. ఎంతకని ఏరుతాది?"

"అంతే పిన్నీ. వయసు మీదపడే కొద్దీ ఏరేవాళ్లు తగ్గుతారు కూడా."

"ఇప్పుడు సల్లడం మానీస్తే, ఉన్నవి ఏరీసుకుంటాదా?"

అర్చన అబద్ధం చెప్పలేదు. "చాలావరకు ఏరుకుంటుంది. మొత్తం అని మాటివ్వలేను. నెలనెలా రా, చూస్తాను."

మానడం అంటే మాటలు కాదు. మొదటి వారం తల పగిలిపోయింది. కడుపు కదలడం మానేసింది. ఊరికే ఏడుపు, ఊరికే కోపం. గిన్నె కింద పడితే గిన్నెని తిట్టింది. సూర్యారావు తన పొగాకు కట్ట పశువుల పాకలోకి మార్చేశాడు. అతనిది మామూలు చుట్ట, అతను మానలేదు. కానీ ఇంటి గడపలోపల మళ్లీ వెలిగించలేదు. కోడి కూతకి లేచి, పొగ లేని నోటితో ఏం చెయ్యాలో తోచక అసిరమ్మ తలుపు దగ్గర నిలబడితే, ఉప్పు రాసిన చింతకాయ ముక్క చేతిలో పెట్టేవాడు.

కుమారికి మాత్రం నవ్వులాటగా ఉంది. "ఏటే అప్పా, డాట్రమ్మ సెప్పినాదని సన్నాసం పుచ్చుకున్నావా? మనత్త ఎనభై ఏళ్లొచ్చీదాకా కాల్సినాది. ఏటైనాది?"

అత్తకి నిజంగానే ఏమీ కాలేదు. తర్వాతి నెల అర్చనని అదే అడిగింది. కొందరికి ఏరేవాళ్లు పుట్టుకతోనే గట్టివాళ్లు, కొందరికి కాదు, ఎవరికెలాంటివాళ్లున్నారో ముందుగా చూసి చెప్పే అద్దం నా దగ్గర లేదు అంది అర్చన. అసిరమ్మకి ఆ జవాబు నచ్చింది. తెలియదన్న డాక్టరుని ఆమె చూడడం అదే మొదటిసారి.

ఆషాఢంలో ఊడ్పులొచ్చాయి. నడుం వంచి నాటుతుంటే జోరుగా వాన. పక్కనున్న మనిషి అలవాటుగా అప్పుడే వెలిగించిన చుట్ట అందించింది. అసిరమ్మ చెయ్యి దాన్ని అందుకుంది, నోరు తెరుచుకుంది, నాలుగు దమ్ములు లోపలికి పోయాయి. అప్పుడు తెలిసింది ఏం చేసిందో. అంత హాయి మరెక్కడా లేదనిపించింది. ఇంకో దమ్ము లాగి, అప్పుడు ఉమ్మేసి, చుట్టని బురదలో తొక్కి, నీళ్లు పుక్కిలించింది.

"ఐదు దమ్ములు లాగీసినాను తల్లీ," అని అర్చనకి తనే చెప్పుకుంది. తిడుతుందనుకుంది.

"ఐదే కదా," అంది ఆ పిల్ల, లైటు సరిచేసుకుంటూ. "నోరు తెరువు."

తెరిచింది. అర్చన అద్దం ఇచ్చింది. అసిరమ్మ చూసుకుని నమ్మలేకపోయింది. బీటలు పోయాయి. తెలుపు పలచబడి, దాని కింద నుంచి పసిపిల్లల అంగిలిలా లేత గులాబి రంగు పైకి తేలుతోంది. ఎర్ర చుక్కలు చాలావరకు కనిపించలేదు. మందు వెయ్యలేదు, కట్టు కట్టలేదు. తను చేసిందల్లా చెయ్యడం మానడమే. మిగతాది లోపలివాళ్లు చేసుకున్నారు.

ఆ రోజు తిరుగు బస్సులో ఆమె అరచెయ్యి తెరిచి చాలాసేపు చూసుకుంది. చిన్నప్పటినుంచీ ఈ ఒంటిని ఎద్దులా తోలింది. నొప్పొస్తే తిట్టింది, జ్వరమొస్తే కసురుకుంది. తనకి తెలియకుండా, తను నిద్రపోతుంటే, తనే పాడుచేస్తుంటే కూడా, ఇది తన పక్షానే పనిచేస్తూ వచ్చింది. ఎవరికో దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియక చెయ్యి ముడుచుకుంది.

ఆ ఎర్రమచ్చ మాత్రం పోలేదు. చిన్నదైంది, పెసరగింజంత అయింది, అక్కడే నిలిచిపోయింది. ఎనిమిది నెలలు చూశాక అర్చన అంది. "ఇది నీ ఒళ్లు ఏరలేకపోయింది పిన్నీ. మనం ఏరేద్దాం."

ఈసారి అసిరమ్మ లేచిపోలేదు. మచ్చనీ చుట్టూ కాస్త మంచి కండనీ కలిపి తీసేశారు. మొదలంటా వచ్చేసిందని, అంచుల్లో చెడు మిగల్లేదని పరీక్షలో తేలింది. వారం రోజులు చల్లటి జావే. పొద్దుటే వాకిట్లో వెలుగుకి ఎదురుగా కూర్చుని అద్దంలో చూసుకునేది. మొదట ఎర్రటి గుంట. తర్వాత దాని మీద పసుపుపచ్చని పొర. పొర కింద అంచుల నుంచి కండ మెల్లగా లోపలికి నడిచొచ్చింది. మూడు వారాలకి గుంట ఉన్న చోటు వేలితో తడిమితే గాని తెలియలేదు. పొగ వదిలిన నాలుకకి రుచి తిరిగొచ్చి, కూరల్లో ఉప్పెక్కువ వేస్తున్నానని కూడా అప్పుడే తెలిసింది. సూర్యారావు ఇన్నేళ్లుగా అదే తింటున్నాడు, ఒక్క మాట అనలేదు.

ఆ కార్తీకంలో విత్తనాల మడిలో చివరి విడత బెరుకులు ఏరుతున్నారు. మధ్యాహ్నం గట్టు మీద గిన్నెలు విప్పారు. కుమారి అంటే పచ్చిమిరపకాయ కొరకనిదే గంజన్నం దిగని మనిషి. ఆ రోజు మిరపకాయ పక్కన పెట్టేసింది. అన్నం ముట్టలేదు, గంజి మాత్రం ఎడమ దవడకి వంచుకుని తాగింది. అసిరమ్మ రెండు రోజులు గమనించింది. మూడో రోజు అడిగేసింది.

"ఒలే కుమారీ, నోరు తెరు."

"ఏటి నీ గోల?"

"తెరుమంటన్నానా!"

ఆ గదమాయింపుకి కుమారి నోరు తెరిచింది. అసిరమ్మ ఫోన్లో లైటు వేసి చూసింది. అంగిలి కుడివైపు పుండు. రూపాయి బిళ్లంత. అంచులు మందంగా పైకి లేచి ఉన్నాయి. తన నోట్లో ఉన్నదానికీ దీనికీ పోలిక లేదు.

"ఎన్నాళ్లయినాది?"

"సుట్ట కాలినాది. తగ్గిపోతాది."

"కాలిన పుండు పది రోజుల్లో మానుతాది. ఎన్నాళ్లయినాదని అడుగుతన్నాను."

కుమారి గిన్నె మూత పెట్టేసి లేచింది. "నీకు రోగమొచ్చినాదని ఊరందరికీ రావాలని సూస్తన్నావు" అంది. ఆ మాట గట్టు మీద ఉన్న అందరూ విన్నారు. అసిరమ్మ తన గిన్నె మూత పెట్టి వరసలోకి దిగింది. మర్నాటి నుంచి కుమారి వేరే వరసలోకి మారిపోయింది. పాతికేళ్లలో మొదటిసారి తోటికోడళ్లు వేరు వేరు గట్ల మీద తిన్నారు.

అసిరమ్మ పోరలేదు. మరిదికి మాత్రం ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. "ఆలస్యమయితే కష్టం బాబూ. కోపం నామీదుండనీ, మనిషిని మాత్రం పంపించు." రోజూ పొద్దున్న కుమారి వాకిటి ముందు నుంచే నీళ్లకి వెళ్లేది, అటు దారి దూరమైనా.

పద్దెనిమిదో రోజు బిందెతో వెళ్తుంటే కుమారి గడపలో కూర్చుని ఉంది. ఎదురుగా నేల మీద ఉమ్మింది. అందులో రక్తపు జీర. ఇద్దరూ చూశారు.

"అప్పా," అంది కుమారి, తల ఎత్తకుండా. "నువ్వొస్తావేటి నాతో?"

అసిరమ్మ బిందె అక్కడే దింపింది. "సీర మార్సుకో. ఎనిమిదింటికి బస్సున్నాది."

కుమారిది క్యాన్సరే. ఎముకని కొద్దిగా పట్టింది, మెడలోకి పాకలేదు. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి అంగిలి కుడిభాగం తీసేశారు. అక్కడి ఖాళీని మూస్తూ పళ్ల సెట్టులాంటి పలక ఒకటి చేసిచ్చారు. అది పెట్టుకుంటే మాట స్పష్టంగా వస్తుంది, తీస్తే ముక్కులోంచి వస్తుంది. ఆ తర్వాత ఆరు వారాలు రేడియేషన్, ఊరివాళ్ల మాటల్లో కరెంటు వైద్యం. అసిరమ్మ సగం రోజులు ఆమె దగ్గరే ఉంది. మొదటిసారి అద్దంలో నోరు చూసుకుని కుమారి బిగుసుకుపోతే, ఆమె జుట్టు విప్పి నూనె రాసి జడ వేసింది.

ఓ రోజు పక్కమంచం ఆవిడ తోటికోడళ్ల పోరు గురించి ఏదో అంటే కుమారి పలక సర్దుకుని అంది. "మా అప్ప సూసినాది కాబట్టి ఉన్నాను." అంతకుమించి ఆ గట్టు మీది మాట గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఊళ్లో ఇప్పుడు కొందరు ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నాలప్పుడు అసిరమ్మ దగ్గరికి వచ్చి నోరు తెరుస్తారు. ఆమె చూస్తుంది. డాక్టరుని కాదంటుంది. తెల్లగా ఉంటే మానమంటుంది. ఎరుపు కనిపిస్తే, పుండు కనిపిస్తే, రాణికి చెప్పి అర్చన దగ్గరికి పంపిస్తుంది. అలా ఇప్పటికి ఏడుగురు వెళ్లారు, ఇద్దరికి సమయానికి మచ్చలు తీశారు. మానినవాళ్లు ఉన్నారు, చాటుగా కాల్చేవాళ్లూ ఉన్నారు. వాన పడితే తనకి ఇప్పటికీ కాల్చాలనిపిస్తుందని అడిగినవాళ్లకి అసిరమ్మ దాచకుండా చెబుతుంది.

మొన్న చైత్రంలో కుమారిని చూపించడానికి ఇద్దరూ చీపురుపల్లిలో విశాఖపట్నం రైలెక్కారు. ఎదురు బల్ల మీద అరవై ఏళ్ల ఆవిడ. పెదాలు నల్లగా కమిలి, మధ్యలో గుండ్రంగా తెల్లటి మచ్చ. చూడగానే ఇద్దరికీ తెలిసిపోయింది. అసిరమ్మ ఎలా కదపాలా అని ఆలోచిస్తోంది. ఈలోగా కుమారే ముందుకి వంగింది.

"ఏ ఊరమ్మా? అడ్డపొగేనా?"

"మీకేటి తల్లీ?" అంది ఆవిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

కుమారి కొంగు చాటున పలక తీసి ఆవిడకి మాత్రమే కనపడేలా నోరు తెరిచింది. ఆవిడ చూసింది. రైలు గరివిడి దాటి, నెల్లిమర్ల దాటి, విజయనగరం చేరింది. జనం దిగారు, ఎక్కారు. బండి మళ్లీ కదిలాక ఆవిడ కొంగు తీసి, పిల్లలా కళ్లు మూసుకుని నోరు తెరిచింది. అసిరమ్మ ఫోన్లో లైటు వేసింది. తొందరపడకుండా ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసింది.

"తెల్లగున్నాది, అంతే. ఎర్రమచ్చేటీ నేదు. అయినా డాట్రుకి ఓపాలి సూపించు. ఇప్పుడు మానీ, నీ ఒళ్లే సక్కబెట్టుకుంటాది."

"నిజమేటి?"

"నాది సూడు," అని అసిరమ్మ తన నోరు తెరిచి చూపించింది.

కొత్తవలసలో దిగేటప్పుడు ఆవిడ అర్చన ఫోను నంబరు రాసిన కాగితం చెంగున ముడేసుకుంది. కుమారి కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే, అసిరమ్మ అరటిపండు ఒలిచి మెత్తటి సగం ఆమె చేతిలో పెట్టింది.